ముప్పయ్యారు చంద్రబింబాలు

"కవిని పట్టుకురండి" అన్నాడు ఉదగ్రసేన మహారాజు.

మూడు రోజులుగా మెతుకు ముట్టని గొంతు అది. అందులో సగం మాట గాలిలోనే పోయింది. మిగిలిన సగం ముసలి దళవాయి చెవికి చేరేసరికి ఇంకోలా మారింది. గడియ తిరక్కుండానే ఇద్దరు భటులు ఉద్యానవనంలోంచి ఒక కపిని, చేతులు వెనక్కి విరిచి కట్టి, తెచ్చి నిండుసభలో నిలబెట్టారు. అది అటూ ఇటూ చూసి, సింహాసనం వైపు పళ్ళికిలించి, తనకు తెలిసిన మర్యాదేదో చేసింది.

మామూలు రోజైతే చిత్రకంధర రాజ్యంలో ఆ నవ్వు వారం పాటు ఆగేది కాదు. కవికీ కపికీ తేడా ఒక్క అక్షరమేననీ, అది కొమ్మ మీంచి కొమ్మకి గెంతితే ఇతను పదం మీంచి పదానికి గెంతుతాడనీ, ఇద్దరికీ విసిరేది పండో పండితసత్కారమో అయితే చాలుననీ వీధి వీధినా చెప్పుకునేవారు. ఆ రోజు మాత్రం ఒక్క పెదవీ కదలలేదు. సింహాసనం ముందు నాలుగు మట్టికుండలు వరసగా పెట్టి ఉన్నాయి. వాటి మూతులకు ఎర్రగుడ్డ కట్టి ఉంది. ఒక్కో కుండలో ఇద్దరి బూడిద ఉంది.

కోతిని వదిలేసి అసలు మనిషిని తెచ్చారు. అతని పేరు మేధాంకుడు. నలభై ఆరేళ్ళ వయసు, ముందుకొచ్చిన బొజ్జ, భుజం మీద ఆస్థానం ఇచ్చిన శాలువా, పేరు ముందు 'ఉపమాన చక్రవర్తి' అన్న బిరుదు. అన్నిట్లోకీ బరువు ఆ బిరుదే. కుండల్ని చూడగానే అతను ఎత్తుకోబోయిన స్తుతిపద్యం యతి తప్పింది.

ఆ కుండల కథ ఆ దేశపు కట్టడిలో మొదలైంది. రాజవంశంలో పుట్టినవాళ్ళని ఉన్నది ఉన్నట్టు వర్ణించకూడదు. రాజుగారి ముక్కు వంకర అంటే నాలుక తెగుతుంది. అదే ముక్కుని చిలకముక్కు అంటే శాలువా వస్తుంది. నాలుగు తరాలు ఇలా నడిచాక, అంతఃపుర స్త్రీలు ఎలా ఉంటారో బయట ఒక్కరికీ తెలియకుండా పోయింది. తెర వెనక మనిషి ఉండేది, తెర ముందు పద్యం ఉండేది. జనం పద్యానికే దణ్ణం పెట్టుకుని ఇళ్ళకు వెళ్ళేవారు.

రాకుమారి తమాలికకు పెళ్ళీడు రాగానే మేధాంకుడు సభలో ఒక సీసపద్యం చదివాడు. అందులో ముఖం చంద్రబింబం, కళ్ళు నల్లకలువలు, ముక్కు సంపెంగ, పెదవులు దొండపళ్ళు, జుట్టు తుమ్మెదల గుంపు, మెడ శంఖం, చేతులు చిగుళ్ళు. నడుము ఉందో లేదో తెలియదన్నాడు. ఆ పద్యం తాటాకులకెక్కి ఏడు రాజ్యాలకు పోయింది. ఎవరూ పంపకుండానే ఎనిమిదో చోటికీ పోయింది. నల్లకొండల మీద ఉండే మాంత్రికుడు ధూమ్రజటి దాన్ని చదివాడు. వసంతోత్సవం నాడు తమాలిక తన ముప్పైతొమ్మిది మంది చెలికత్తెలతో పడవ ఎక్కింది. పొగ ఒకటి నదిమీంచి లేచి పడవను పడవలాగే ఎత్తుకుపోయింది.

మర్నాడు కబురు వచ్చింది. నలభై మందినీ ఆ పద్యం ప్రకారం ఒక్కలాగే మార్చేశాననీ, వాళ్ళలో రాకుమారి చెయ్యి పట్టుకుని 'ఈమే' అన్నవాడు ఆమెను తీసుకుపోవచ్చుననీ, తప్పు చెయ్యి పట్టుకుంటే పట్టినవాడూ పట్టుబడినదీ ఇద్దరూ బూడిదేననీ, సూర్యగ్రహణం సంపూర్ణమయ్యేలోగా ఎవరూ గుర్తుపట్టకపోతే మిగిలిన ప్రాణాలన్నీ తన ఆయువులో కలుపుకుంటాననీ ఆ మాంత్రికుడు చెప్పి పంపాడు. నలుగురు రాజకుమారులు నాలుగు తాటాకులు పట్టుకుని వెళ్ళారు. నాలుగు కుండలు తిరిగి వచ్చాయి. గ్రహణం ఇంక మూడు రోజుల్లో ఉంది.

"నా కూతుర్ని నువ్వు ఎప్పుడైనా చూశావా?" అని అడిగాడు రాజు.

మేధాంకుడు చక్రవర్తులకూ చంద్రులకూ సరిపోయే సమాసాలు రెండు వెతుక్కున్నాడు. నోటికి ఒక్కటే ముక్క వచ్చింది.

"లేదు మహాప్రభూ."

"నేనూ అంతే. పండగకోసారి నగల కింద కూర్చోబెట్టి చూపించేవారు. మొన్న నేనే వెళ్ళాను. వాళ్ళందరి ముందూ ఒక జాము నిలబడ్డాను. ఎవరి చెయ్యీ పట్టుకోలేక తిరిగి వచ్చాను." రాజు కుండల వైపు చూశాడు. "వాళ్ళు నీ పద్యం నమ్మి పోయారు. ఇప్పుడు నువ్వు వెళ్ళు."

తోడు ఎవరు వెళతారని దళవాయి మూడుసార్లు అడిగాడు. మూడోసారికి సభ బయట, చెప్పులు విడిచే చోట కూర్చున్న ఒక ముసలామె లేచింది. గాజుల నాంచారమ్మ ఆమె. భుజం మీద తాడుకి గుచ్చిన గాజుల మలారం, కాళ్ళకి మూడు ఊళ్ళ దుమ్ము. ఆమె మనవరాలు గవిరి అంతఃపురంలో చెలికత్తె. ఆ పడవలో గవిరి కూడా ఉంది. ఇప్పుడు ఆ పిల్ల అక్కడ నిలబడి ఉందో, ఈ నాలుగు కుండల్లో ఒకదాంట్లో ఉందో నాంచారమ్మకు తెలియదు. బూడిదను చూసి మనవరాలిని ఎవరు పోల్చగలరు?

ఇద్దరూ ఆ పూటే బయల్దేరారు.

* * *

నల్లకొండల పాదాన అతిశయారణ్యం ఉంది. ఆ అడవి అందం చెప్పాలంటే మాటలు చాలవు. చాలినా చెప్పకూడదని ఆ అడవిలో అడుగుపెట్టిన కాసేపటికే తెలిసింది. మాకుల నిండా నీలిపూలు, పూల నిండా మంచు, ఆ మంచులో పగటి సూర్యుడు వెయ్యి ముక్కలై మెరుస్తున్నాడు. లతలు ఒకదాన్నొకటి పెనవేసుకుని పందిళ్ళు కట్టాయి. ఆ పందిళ్ళ కింద గాలి కూడా చెప్పులు విడిచి నడుస్తున్నట్టుంది. మేధాంకుడి లోపలి కవి అంతవరకూ ఉన్న భయాన్ని మరిచిపోయి తల ఎత్తాడు.

దారికి అడ్డంగా చిన్న గొయ్యి వచ్చింది. అలవాటు చొప్పున "అబ్బ, పాతాళమంత లోతు" అన్నాడు.

నేల గుర్రుమంది. గొయ్యి అంచులు విడిపోయాయి, అడుగు జారిపోయింది, కిందెక్కడో చీకట్లో పాములు బుసలు కొట్టాయి. ముందు వెళ్ళిన ఎవరి గుర్రమో, ఎముకలూ జీనూ కలిసి, సగం లోతులో ఒక రాతికి వేలాడుతోంది. కవి నిలబడ్డ మట్టి పెళ్ళ విరిగింది. అతను వేరొకదాన్ని పట్టుకుని, ఊగుతూ, "అయ్యో, నా బరువు ఏనుగంత" అని తలుచుకున్నాడు. పైకే తలుచుకున్నాడు. వేరు ఫెళ్ళున చీలింది.

నాంచారమ్మ గొయ్యి అంచున గొంతుక్కూర్చుని, చేతికి గాజు కొలిచినంత తాపీగా చూసింది.

"అయ్యోరూ, నోరు మూసుకోండి. గొయ్యి మోకాలి లోతు. మీరు మణుగులు మణుగులు లేరు, మామూలు మనిషి బరువే. పొట్ట ఒక్కటే ఎక్కువ."

అంతే. గొయ్యి మోకాలి లోతైంది. ఉపమాన చక్రవర్తి అందులో మోకాళ్ళ మీద ఉన్నాడు.

ఆ తరవాత దారంతా ఆమె ముందు, అతను వెనక. చెట్టు కనిపిస్తే చెట్టు అంది, రాయి కనిపిస్తే రాయి అంది. అతను పళ్ళు బిగించుకుని నడిచాడు. చెట్టుని ఆకాశమంత అంటే ఆకాశాన్నంటుతుంది, పువ్వుని అగ్గి అంటే రాజుకుంటుంది, ఇరవై ఆరేళ్ళు మాటలమ్ముకు బతికినవాడికి మాటే మృత్యువై కూర్చుంది. అయినా దారిలో అతనికి ఒక సంగతి తట్టింది. ఈ మాంత్రికుడి ఎల్లలో అన్నమాట అన్నట్టే అవుతుంది. ఉన్నమాట అంటే మాత్రం అయిందంతా విరిగిపోతుంది. ఈ సంగతి ఆ నలుగురు రాజకుమారులకూ తెలిసే దారి లేదు. వాళ్ళకి ఉన్నమాట అనడం ఎవరూ నేర్పలేదు.

రాకుమారి గురించి నీకేమైనా తెలుసా అని నాంచారమ్మని అడిగాడు. పదమూడేళ్ళుగా ఆమెకు గాజులు తొడుగుతున్నది తనేననీ, అయితే మొహం చూడలేదనీ, తెరకి బెత్తెడు చిల్లి ఉంటుందనీ, ఆ చిల్లిలోంచి చెయ్యి మాత్రం వస్తుందనీ ఆమె చెప్పింది. ఆ చేతి సంగతి ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదంటే, ఎవరూ అడగలేదంది.

* * *

మూడో రోజు మధ్యాహ్నానికి మాంత్రికుడి మేడ చేరారు. దాని గోడలు నల్లరాతివి, శిఖరాలు పొగవి. ద్వారానికి నిలువెత్తు కంచు మొహం ఒకటి తలుపై ఉంది. గడప దగ్గర పుర్రెలు కుప్పగా పడి ఉన్నాయి. వాటిలో కొన్నిటికి ఇంకా తలపాగాలున్నాయి.

"నన్ను వర్ణించు" అంది కంచు మొహం.

ఈ పుర్రెలవాళ్ళు ఏమని వర్ణించారని కవి భయంభయంగా అడిగాడు. చంద్రబింబమన్నారంది. మూడు వందల ఏళ్ళుగా వచ్చినవాడల్లా ఆ మాటే అంటున్నాడనీ, విసుగెత్తి తినేస్తున్నాననీ, యజమాని ఇంట ఉండి రానిమ్మన్న ఆ రాజునీ రాకుమారుల్నీ మాత్రం ఊరికే వదిలాననీ చెప్పింది. మేధాంకుడి గొంతులో సిద్ధంగా ఉన్న చంద్రబింబం అక్కడే అస్తమించింది.

అయితే కవి విద్యలో పోలిక ఒక్కటే లేదు. తిడుతున్నట్టు పొగడటం ఉంది, పొగుడుతున్నట్టు తిట్టడం ఉంది. మేధాంకుడు శాలువా నడుముకి బిగించి, చెయ్యి చాచి, తిట్లు లంకించుకున్నాడు.

"నీ అంత దయలేనిదాన్ని నేను చూడలేదు. యముడి కింకరులు పొద్దున్నే పాశాలు భుజాన వేసుకుని కొండెక్కి వస్తారు. వచ్చేసరికి ఈ గుమ్మంలో వాళ్ళకి ఒక్క ప్రాణమూ మిగిల్చి ఉంచవు. ఒట్టి చేతులతో పోయి ఆయన చేత చీవాట్లు తింటున్నారు. కష్టపడి బతికేవాళ్ళ పొట్ట ఇలా కొట్టొచ్చా?"

కంచు మొహం కనుబొమ్మలు పైకెత్తింది. తరవాత నవ్వింది. నవ్వడానికి నోరు తెరిచింది. తెరిచిన నోరే దారి. ఇద్దరూ పళ్ళ మధ్య నుంచి లోపలికి దూరారు. దూరుతూ నాంచారమ్మ ఒక్కసారి వెనక్కి చూసి ఆగింది. గడప బయట ఎండలో, మనుషులు లేకుండా, భుజాన పాశాలున్న నీడలు రెండు నిలబడి ఉన్నాయి.

"చూశారా, తెచ్చిపెట్టారు" అంది. "ఇంక అవి ఒట్టి చేతుల్తో పోతాయా?"

* * *

లోపల రాతిమండపం. పైన గుండ్రటి కిటికీ, అందులోంచి కిందికి దిగే మధ్యాహ్నపు ఎండ. ఆ ఎండలో ముప్పయ్యారు మంది నిలబడి ఉన్నారు.

మేధాంకుడు తన పద్యాన్ని మొదటిసారి కళ్ళారా చూశాడు.

ముప్పయ్యారు మెడల మీదా ముప్పయ్యారు చంద్రబింబాలున్నాయి. తెల్లగా, చల్లగా, గుండ్రంగా, మచ్చతో సహా. కళ్ళ చోట నల్లకలువలు. కలువలు చంద్రుడొస్తే విచ్చుకుంటాయి, ఎండలో ముడుచుకుంటాయి. పగలంతా వాళ్ళు గుడ్డివాళ్ళే. పెదవుల చోట దొండపళ్ళు, పండుకి మాట్లాడటం రాదు. తలల మీద తుమ్మెదలు గుంపులు గుంపులుగా ముసిరి ఉన్నాయి. తుమ్మెదకి సంపెంగ వాసన పడదని కావ్యాలు చదివినవాళ్ళందరికీ తెలుసు. అవి ముక్కు దాకా పాకి, అదిరిపడి, మళ్ళీ నెత్తి మీదికి ఎగబాకుతున్నాయి. ఒక్క క్షణం కుదురు లేదు. శంఖాల మెడల్లోంచి గాలి వెళుతుంటే సన్నగా ఏడుపులాంటి మోత వస్తోంది. నడుము ఉందో లేదో అన్నాడు కదా, లేదు. రవికెకీ చీర కుచ్చిళ్ళకీ మధ్య జానెడు ఖాళీ, ఆ ఖాళీలోంచి వెనక గోడ కనిపిస్తోంది.

గోడ వారన నాలుగు జతల పట్టీలు పడి ఉన్నాయి. వాటి చుట్టూ నేల నల్లగా కాలి ఉంది.

 ఇది నేనే చేశాను అన్నాడు కవి. ఆ మాటలో ఉపమానం లేదు.

కిటికీలో ఎండ రంగు మారింది. సూర్యుడి అంచు కొరికినట్టుగా చిన్న నలుపు పడింది. గ్రహణం పట్టింది. కొండ కింద నదిలో ధూమ్రజటి పట్టుస్నానానికి మునుగుతూ ఉంటాడు. జపం ముగించి తడిబట్టలతో వస్తాడు. ఉన్న వ్యవధి అంతే.

నాంచారమ్మ అప్పటికే పనిలో ఉంది. దుప్పటి రెండు స్తంభాల మధ్య కట్టి, దానికి కత్తితో బెత్తెడు చిల్లి చేసింది. ఇవతల కూర్చుని మలారం విప్పి, గాజుల్ని గలగలమనిపించింది.

"గాజులమ్మా, గాజులు."

వాళ్ళు గుడ్డివాళ్ళు, మూగవాళ్ళు, రెండు నెలల పాటు ఎవరూ మనిషిగా పలకరించనివాళ్ళు. ఆ కేక వినగానే ముప్పయ్యారు మందీ కదిలారు. తడుముకుంటూ వచ్చి తెర వెనక వరస కట్టారు. చిల్లిలోంచి మొదటి చెయ్యి వచ్చింది. వేళ్ళు లేవు, లేత చిగుళ్ళు ఐదు. నాంచారమ్మ దాన్ని తాకి పక్కకు పంపింది. రెండోది, పదోది, ఇరవయ్యోది. అన్నీ తెరిచిన అరచేతులే. కిటికీలో సూర్యుడు పావు వంతు తరిగాడు.

ఇరవై మూడో చెయ్యి పిడికిలి బిగించి వచ్చింది.  నాంచారమ్మ ఆ పిల్లని పక్కన నిలబెట్టి మిగిలినవాళ్ళని పిలిచింది. ముప్పై ఒకటో చెయ్యి కూడా పిడికిలే.

ఆ పిడికిళ్ళ సంగతేమిటని కవి అడిగితే, ముసలామె తెరమీంచి చూపు తిప్పకుండా చెప్పింది.

"నన్ను ఎండలో కూర్చోబెడతారు, లోపలికి రానివ్వరు. రాకుమారమ్మకి ఏడేళ్ళప్పుడు ఎవరు చెప్పారో, ఎవరూ చెప్పలేదో, పిడికిట్లో బెల్లంముక్క దాచి చిల్లిలోంచి ఇచ్చేది. ఈనాటికీ అంతే. పిడికిలి విప్పితే గానీ గాజు ఎక్కించలేను. కానీ భయపడే పిల్లలు కూడా పిడికిలి బిగిస్తారు. గాజు చిట్లి ఒకసారి తెగితే చాలు, జన్మంతా చెయ్యి దాస్తారు."

రెండు పిడికిళ్ళు, ఒక అవకాశం. తప్పితే మరో రెండు ప్రాణాలకు మరో కుండ. మేధాంకుడు రెండిటినీ మార్చి మార్చి చూశాడు. రెండూ ఒకే చిగుళ్ళు, అతని పద్యంలోని చిగుళ్ళే. చూపుకి ఏ తేడా అందలేదు. నాంచారమ్మ చూడలేదు. కళ్ళు మూసుకుని, రెండు పిడికిళ్ళ మీదా తన చూపుడువేళ్ళు ఆనించింది. ఒక పిడికిలి ఇంకా గట్టిగా బిగిసి వణికింది. రెండోది మెల్లగా, పైకి తిరిగి, విచ్చుకుంది. లోపల ఏమీ లేదు. ఇవ్వడానికి లేకపోయినా ఆ చెయ్యి ఇస్తోంది.

మేధాంకుడు ఆ చెయ్యి పట్టుకున్నాడు. రాజవంశపు మనిషిని ఉన్నట్టు వర్ణిస్తే నాలుక ఉండదు. ఇది తప్పు చెయ్యైతే ప్రాణమూ ఉండదు. కిటికీలో సూర్యుడు సగమయ్యాడు.

"ఈమే" అన్నాడు.

బూడిద కాలేదు. కానీ చంద్రబింబమూ మారలేదు. అతను ఇంకొంచెం గట్టిగా పట్టుకుని, ప్రాస లేకుండా, పోలిక లేకుండా, జీవితంలో మొదటి మామూలు వాక్యం చెప్పాడు.

"ఈమె, ఎండలో కూర్చున్న గాజులామెకి బెల్లంముక్క ఇచ్చేది."

తుమ్మెదలు లేచిపోయాయి. వెన్నెల ముఖం మీంచి జారి నేల మీద పడి ఆరిపోయింది. దాని వెనక ఇరవై ఏళ్ళ అమ్మాయి ఉంది. కొంచెం నల్లటి మనిషి, ముందు పళ్ళ మధ్య సందు, రెండు కనుబొమ్మలూ కలిసి ఉన్నాయి. ఆమె దగ్గి, గాలి పీల్చి, మొదట కవి మొహం కాదు, గోడవారన పడి ఉన్న పట్టీల వైపు చూసింది.

కవి ఇంకొకరి గురించి కూడా ఉన్నమాట ఏదైనా చెప్పగలరా అని అడిగాడు. ఆమె అప్పటికే నడుస్తోంది. ఒక బింబం ముందు ఆగి, ఈమె ఎడమ కాలి మీద బరువేసి నిలబడుతుంది అంది. పుల్లమ్మ అనే ఆమె బయటపడింది. ఇంకొకరి ముందు, ఈమె నిద్దట్లో పాలు పితుకుతుంది అంది. ఈమెకి చింతకాయంటే ప్రాణం, ఈమె దెబ్బలాటలో ముందు తనే ఏడుస్తుంది, ఈమె నాకు ఈత నేర్పింది. వీళ్ళందరినీ ఒకే బింబంగా చూడటం తప్ప ఏమీ ఎరగని కవి, ఆ పది వాక్యాల ముందూ పది బిరుదులు తీసి పెట్టొచ్చు అనుకున్నాడు.

ఆ పిడికిలి విప్పని బింబం దగ్గర ఆమె ఆగింది. వెనక్కి తిరిగి చూసింది.

"ఇది నేను చెప్పను. నువ్వు చెప్పు అవ్వా."

నాంచారమ్మకు అర్థం కావడానికి ఒక క్షణం పట్టింది. అర్థమయ్యాక, గోతుల్ని మోకాళ్ళతో కొలిచి చెప్పిన ఆ మనిషి, పరుగున పోయి ఆ చల్లటి బింబాన్ని రెండు చేతులా పట్టుకుంది.

"నా బంగారు తల్లీ" అంది.

నేల మీంచి పసుపుపచ్చ మెరుపు పాకింది. గవిరి పాదాలు బంగారమయ్యాయి, చీలమండలు, పిక్కలు. నాంచారమ్మ అది చూడటం లేదు. "నా చిట్టి తల్లీ, నా దీపం" అంటూనే ఉంది. కుచ్చిళ్ళ కింద బంగారం మోకాలు దాటింది. చంద్రుడి మచ్చలోంచి చిన్న మంట లేచింది.

మేధాంకుడు ఆమె భుజాలు పట్టి ఇటు తిప్పాడు. జీవితమంతా పోలికలమ్మినవాడు, పోలిక మానమని ఒక ముసలామెని బతిమాలాడు. ముద్దుమాటలు వద్దన్నాడు. తనకంటే ఆమెకే బాగా తెలుసనీ, గొయ్యికి కొలత చెప్పినట్టు పిల్లకి కొలత చెప్పమనీ అన్నాడు.  బంగారం తొడల దాకా వచ్చింది.

"దీనికి కుడికాలికి నాలుగే వేళ్ళు" అంది చివరికి. "ఏడేళ్ళప్పుడు తిరగలిరాయి పడింది. జారి పడిందని ఊరంతా చెప్పాను. జారలేదు. కోపంలో నేను తోశాను."

బంగారం ఆగింది. మెల్లగా కిందికి దిగింది. మోకాలు, పిక్క. కుడి చీలమండ దగ్గరికి వచ్చి, ఇంక దిగలేదు. తుమ్మెదలు లేచాయి. గవిరి కళ్ళు తెరిచి నాయనమ్మని చూసింది. నాలుగు వేళ్ళ కుడి పాదం ఒక్కటీ బంగారుముద్దై నేలకి అతుక్కుపోయినట్టు ఉంది. రెండు చేతులా లాగినా ఒక అడుగు దాటదు.

"ఏం నాయనమ్మా, ఇప్పుడా చెప్పడం" అంది గవిరి. ముసలామె ఆ పాదం మీద తల పెట్టుకుంది.

వెనక నుంచి నీళ్ళు కారుతున్న చప్పుడు వినిపించింది.

ధూమ్రజటి తలుపులో నిలబడి ఉన్నాడు. మనిషి సన్నగా, పొడుగ్గా, పొగకి ఎముకలు పెట్టినట్టుగా ఉన్నాడు. తడి జటల్లోంచి నది ఇంకా కారుతోంది. ఒక చేతిలో తాటాకు. మండపంలో పన్నెండు మంది మామూలు ఆడవాళ్ళు, ఇంకా ఇరవై నాలుగు చంద్రబింబాలు. పైన సూర్యుడు గోటి ముక్కంత మిగిలాడు. అతను తాటాకు ముందుకీ వెనక్కీ తిప్పి చదివాడు.

"ఇందులో బెల్లం లేదు, పిడికిలి లేదు, పళ్ళ సందు లేదు. రాకుమారి వర్ణన ఇదే అని మీ రాజముద్ర ఉంది. మరి ఆమె ఎలా దొరికింది?"

పన్నెండు మందీ కవి వైపు తిరిగారు. వాళ్ళకీ ఆ ప్రశ్నే ఉంది. నలుగురు రాజకుమారులు తాటాకులు చదువుకుని, తమ పక్కనున్న నలుగురు చెలుల చేతులే ఎందుకు పట్టుకున్నారో ఈ ఆడవాళ్ళకి తెలియదు. చెబితే నాలుక ఒక్కటే కాదు, తల కూడా పోయే సంగతి అది. పద్యం రాజముద్ర వేయించుకుంది, శాలువా తెచ్చిపెట్టింది, కొడుక్కి మాన్యం ఇప్పించింది. మేధాంకుడు శాలువా విప్పి నేల మీద పెట్టాడు.

"ఆ పద్యం రాకుమారిది కాదు" అన్నాడు, అందరికీ వినపడేలా. "నేను ఇరవై ఏళ్ళప్పుడు వేరే దేశం రాణికి చదివాను. ఇప్పుడు పేరు ఒక్కటి మార్చాను. అప్పుడూ అది నాది కాదు. మా గురువుగారు ఇంకొక రాణికి రాశారు, ఆయనకి వాళ్ళ గురువుగారు ఇచ్చారు. వాళ్ళెవరూ ఏ రాణినీ చూడలేదు. ఆ మొహం ఈ లోకంలో ఎవరికీ లేదు. ఎవరికీ లేని మొహం కోసం ఎనిమిది మంది చచ్చిపోయారు. దాన్ని సభలో చదివింది నేను."

 తాటాకు మీంచి మొదటి అక్షరం రాలింది.

తరవాత రెండోది. ధూమ్రజటి ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టాడు. వేళ్ళ సందుల్లోంచి అక్షరాలు నల్లగా నేల మీద పడ్డాయి. ఇరవై నాలుగు తలల మీంచీ తుమ్మెదలు ఒక్కసారిగా లేచి, ఉండటానికి చోటు లేక, మండపమంతా గుండ్రంగా తిరిగి, నది వాసన వేస్తున్న ఆ తడి జటల వైపు మళ్ళాయి. బింబాలు ఒక్కొక్కటే జారి ఆరిపోయి, వాటి వెనక ఇరవై నాలుగు వేరు వేరు మొహాలు బయటపడ్డాయి. అతని వెనక, గడప దగ్గర, పాశాలున్న నీడలు రెండు తలలు వంచి లోపలికి తొంగిచూసి, పాశాలు అతని మెడ వైపు విప్పాయి.

సూర్యుడి చివరి ముక్క ఆరింది. ఆ చీకట్లో తమాలిక గవిరి చెయ్యి ఒకవైపు, నాంచారమ్మ ఇంకోవైపు పట్టుకున్నారు. బంగారు పాదం ఒక్క అడుగు ముందుకు పడి, రాతినేల మీద ఠంగుమంది.